చిన్న వాహనంలో బడిపిల్లలను తీసుకెళ్లే డ్రైవరుకు పెద్ద బస్సు డ్రైవరు నిబంధనలే ఉండాలా?

దారిదీపం:
మా తల్లిదండ్రుల సంఘం కోసం ఒక ముసాయిదా రాసే పని నాకు అప్పగించారు. పన్నెండు సీట్లకు మించని వ్యాన్లలో, కార్లలో పిల్లలను బడికి చేర్చే డ్రైవర్లకు ఎలాంటి అర్హతలు ఉండాలన్నది విషయం. వాహనం చిన్నది, పిల్లలు తక్కువమంది, కాబట్టి నిబంధనలూ తక్కువ చాలునని సంఘంలో సగంమంది అంటున్నారు. నేను ఒప్పుకోవడం లేదు. రెండు వాహనాలు ఢీకొన్నప్పుడు బరువు తక్కువ ఉన్నదానిలోనే కుదుపు ఎక్కువ. అమెరికాలో పెద్ద స్కూలు బస్సుల్లో దగ్గరదగ్గరగా అమర్చిన, ఎత్తయిన, మెత్తని సీట్లే పిల్లలకు ప్రధాన రక్షణ. అక్కడి సమాఖ్య ప్రమాణాలు పెద్ద బస్సులకు బెల్టులను తప్పనిసరి చేయలేదు గాని, 4,536 కిలోలు, అంటే పదివేల పౌండ్లు మించని చిన్న స్కూలు బస్సులకు మాత్రం చేశాయి. వాహనం చిన్నదైనకొద్దీ జాగ్రత్త పెరగాలన్నదే దీని అర్థం కదా.

అందుచేత నేను ప్రతిపాదించినవి ఇవి: అయిదేళ్ల అనుభవం, ఏటా వైద్య పరీక్ష, నేరచరిత్ర పరిశీలన, ప్రతి వాహనంలో డ్రైవరు కాక మరొక పెద్ద మనిషి, బండి కదులుతుండగా ఏ రూపంలోనూ ఫోను వాడకపోవడం. అభ్యంతరాలుంటే చెప్పండి.

చక్రం:
నేను పంతొమ్మిదేళ్లుగా పిల్లల వ్యాను నడుపుతున్నాను. బెల్టుల గురించి మీరు రాసిన దాంతో నాకు పేచీ లేదు. ఒక సీటుకు ఒక పిల్లవాడు, ఒక బెల్టు అన్న నియమాన్ని మీ జాబితాలో మొదట పెట్టవలసింది పోయి, అసలు పెట్టకపోవడమే నాకు ఆశ్చర్యంగా ఉంది. ఇద్దరిని ఒకే బెల్టులో ఇరికించిన వ్యానుకు ఎంత మంచి డ్రైవరున్నా ఏం లాభం?

ఇక అయిదేళ్ల అనుభవం సంగతి. అయిదేళ్లు సరుకు తోలినవాడికి సరుకు తోలడమే వస్తుంది. వెనుక సీట్లో ఇద్దరు కొట్టుకుంటుంటే, ఒక పాప వాంతి చేసుకుంటుంటే, కళ్లు రోడ్డు మీదే ఉంచి బండిని నెమ్మదిగా పక్కకు తీసి ఆపడం ఏ లైసెన్సు పరీక్షలోనూ అడగరు. ఏడు సీట్ల బండిలో మరొక పెద్ద మనిషిని కూర్చోబెడితే ఒక పిల్లవాడి చోటు పోతుంది, ఆ జీతం మిగిలిన పిల్లల రుసుములో కలుస్తుంది. భరించలేని కుటుంబాలు పిల్లలను మానిపించి, అటువైపు వెళ్లే ఎవరో ఒకరి కారులో నలుగురిని సర్దేస్తాయి. ఆ కారు నడిపేవారికి మీ నిబంధనల్లో ఒక్కటీ వర్తించదు.

నాడి:
నేను వైద్యురాలిని. ఏటా పరీక్ష ఉండాలి గాని, దాని మీద మీరు పెట్టుకున్న నమ్మకం ఎక్కువ. 2016 నవంబరు 1న బాల్టిమోర్‌లో ఒక స్కూలు బస్సు ముందున్న కారును ఢీకొని, ఆ తర్వాత ఎదురుగా వస్తున్న సిటీ బస్సును గుద్దింది, ఆరుగురు మరణించారు. బస్సులో అప్పటికి పిల్లలెవరూ లేరు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి విచారణలో ఆ డ్రైవరుకు చాలాకాలంగా మూర్ఛ వ్యాధి ఉందని, దానిని ఆయన వైద్య పరీక్షల్లో దాచారని తేలింది. పరీక్ష గదిలో పది నిమిషాల్లో నాకు కనిపించేవి చూపు, రక్తపోటు, కీళ్ల కదలిక. మూర్ఛ, నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు, ఇన్సులిన్ వాడేవారికి హఠాత్తుగా చక్కెర పడిపోవడం వంటివి మనిషి తానై చెబితేనే చాలావరకు తెలుస్తాయి. చెబితే మరుసటి రోజే బండి తాళం లాక్కుంటారనుకున్నవాడు ఎందుకు చెబుతాడు? జబ్బు దాచకుండా చెప్పిన డ్రైవరుకు చికిత్స కుదుటపడేవరకు వేరే పని చూపిస్తామన్న హామీని వైద్య పరీక్షతో పాటే రాయండి. తెల్లవారుజామున ఒక విడత, సాయంత్రం ఒక విడత, మధ్యలో మరో ఉద్యోగం, రాత్రి అద్దె బండి నడిపే మనిషి ఎన్ని గంటలు నిద్రపోతున్నాడని కూడా అడగాలి. ఆ ప్రశ్న ఏ ముసాయిదాలోనూ నాకు కనిపించలేదు.

తూకం:
ప్రమాద పరిహారపు కేసులు చూసే న్యాయవాదిగా ఒక మాట. లైసెన్సు తరగతి అన్నది సామర్థ్యానికి కొలత కాదు, చట్టం గీసిన గీత మాత్రమే. బ్రిటన్‌లో 1997 జనవరి 1కి ముందు కారు పరీక్ష నెగ్గినవారికి, బాడుగకు కాకుండా నడిపేటట్లయితే, పదహారు మంది ప్రయాణికుల మినీబస్సు నడిపే హక్కు సాధారణంగా దానితోపాటే వచ్చింది; ఆ తర్వాత నెగ్గినవారికి అలా రాలేదు. ఒక తేదీకి ఇటూ అటూ పరీక్ష నెగ్గినంత మాత్రాన చేతి నైపుణ్యం మారదు. భారత సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో, తేలికపాటి వాహన లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని నడపడానికి విడిగా అనుమతి అక్కరలేదని తీర్పిచ్చింది. చట్టపరంగా అది స్పష్టతే. కానీ లైసెన్సు ఉంది కదా అని పిల్లలను అప్పగించేవారికి ఆ కాగితం చెప్పేది ఎంత తక్కువో కూడా దీనివల్ల తెలుస్తుంది. చక్రం గారి మాట నిజం. అనుభవాన్ని ఏళ్లలో కొలవడానికి బదులు, అదే దారిలో, పిల్లలు లేకుండా ఒకసారి, ఉన్నప్పుడు మరోసారి, తెలిసిన మనిషి పక్కన కూర్చుని చూడడం మేలు.

నేరచరిత్ర పరిశీలన విషయంలో మాత్రం నేను పట్టు సడలించను. అయితే అది గతంలో పట్టుబడినవారిని మాత్రమే చూపిస్తుంది, అదీ పరిశీలించిన రోజు వరకే. గడువు పెట్టి మళ్లీ మళ్లీ చేయకపోతే ఆ కాగితానికి విలువ లేదు.

కిటికీసీటు:
అందరూ బండి నడుస్తున్న సమయం గురించే మాట్లాడుతున్నారు. బండి ఆగిన తర్వాత సంగతేమిటి? మా అబ్బాయికి అయిదేళ్లప్పుడు వ్యాను చివరి వరుసలో నిద్రపోయాడు. డ్రైవరు తాళం వేసి వెళ్లిపోయి, ఇరవై నిమిషాల తర్వాత ఎందుకో అనుమానం వచ్చి తిరిగొచ్చాడు. అది చలికాలం కావడం మా అదృష్టం. 2018 జులైలో దక్షిణ కొరియాలోని దోంగ్‌దుచోన్‌లో నాలుగేళ్ల పాప శిశుసంరక్షణ కేంద్రపు వ్యానులో అలాగే ఉండిపోయి వేడికి చనిపోయింది. మరుసటి ఏడాది నుంచి అలాంటి వాహనాల్లో, ఇంజను ఆపాక డ్రైవరు చివరి వరుసదాకా నడిచి వెళ్లి మీట నొక్కితేగాని మోత ఆగని పరికరాన్ని అక్కడ తప్పనిసరి చేశారు. జపాన్‌లోని మకినోహరాలో 2022 సెప్టెంబరులో మూడేళ్ల పాప అదే విధంగా మరణించిన తర్వాత, 2023 ఏప్రిల్ నుంచి అక్కడా ఇలాంటి పరికరాలు తప్పనిసరి అయ్యాయి.

చిన్న బండి కాబట్టి అద్దంలో అందరూ కనిపిస్తారనుకుంటాం. సీటు మీద ఒరిగిపోయిన పిల్లవాడు ఏ అద్దంలోనూ కనిపించడు. దిగిన పిల్లవాడు బండి ముందు నుంచి దాటినా, వెనుక పడిన పుస్తకం కోసం వంగినా అంతే. దారిదీపం గారూ, మీ జాబితాలో దిగే చోటు గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

చక్రం:
మకినోహరా ఘటన గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆ రోజు రోజూ వచ్చే డ్రైవరు రాలేదు. బడి నిర్వాహకుడే బండి నడిపాడు. వెంట ఒక సహాయకురాలు కూడా ఉన్నారు. అంటే రెండో మనిషి ఉన్నంత మాత్రాన పని జరగదు. ఇద్దరిలో ఎవరు ఏ పని చేయాలో తేల్చకపోతే, ఆయన చూశాడని ఈమె, ఈమె చూసిందని ఆయన అనుకుంటారు. బదిలీ డ్రైవరుకు కూడా అవే నిబంధనలు వర్తిస్తాయని విడిగా రాయండి. నాకు జ్వరం వచ్చిన రోజున నా తమ్ముణ్ణి పంపాను, రెండుసార్లు. ఎవరూ అడగలేదు, అడగాలని నాకూ తోచలేదు. ఇప్పుడు తలచుకుంటే తప్పే అనిపిస్తోంది.

ఏడేళ్ల లోపు పిల్లలున్న బండిలో సహాయకులు ఉండాలన్న మాటకు నేను ఒప్పుకుంటాను. రివర్సు చేసేటప్పుడు దిగి చూసే మనిషి లేకపోవడమే నాకు ఇన్నేళ్లలో అన్నిటికంటే భయం కలిగించిన విషయం. వీలైనంతవరకు రివర్సు అవసరం లేని చోటునే దింపే స్థలంగా ఎంచుకోండి. పదేళ్లు దాటిన పిల్లలే ఉన్న కారులో మాత్రం రెండో మనిషిని పట్టుబట్టవద్దు.

ఫోను విషయంలో నాకొక ప్రశ్న ఉంది. చేత్తో పట్టుకోవడం తప్పు, సరే. స్పీకరులో ‘వస్తున్నాను’ అని ఒక్క మాట చెప్పడం కూడా తప్పేనా?

దారిదీపం:
తప్పేనని నా అభిప్రాయం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు సుమారు 11 మీటర్లు పోతుంది. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు వేయడానికి సెకనున్నర పట్టిందనుకుంటే అప్పటికే దాదాపు 17 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగడానికి మరో 9 మీటర్లు కావాలి. చేతులు ఖాళీగా ఉన్నా మనసు మాటలో ఉంటే ఆ సెకనున్నర రెండు సెకన్లయినా కావచ్చు. ఆ అర సెకనులో దాటే అయిదున్నర మీటర్లు ఒక చిన్న వ్యాను పొడవు కంటే ఎక్కువే.

మీ అందరి మాటల వల్ల ముసాయిదా మారుతోంది. అయిదేళ్ల అనుభవం తీసేసి, పక్కన కూర్చుని చూసే పరీక్ష పెడుతున్నాను. సీటుకు ఒక బెల్టు అన్నది మొదటి నియమం అవుతుంది. బెల్టు మెడకు కాకుండా భుజానికి ఆనేంత ఎత్తు లేని పిల్లలకు బూస్టరు సీటు కూడా. చివరి వరుస దాకా నడిచి చూడడం, బదిలీ డ్రైవరు, దింపే చోటు చేరుస్తున్నాను. వైద్య పరీక్షతో పాటు నాడి గారు అడిగిన హామీ సంఘం ఇవ్వగలదో లేదో కనుక్కోవాలి. వేరే పని చూపించడానికి మా దగ్గర పనులు లేవు.

ఫోను నియమానికి ఒక వాక్యం కలిపాను: బండి దారిలో ఉన్న సమయంలో తల్లిదండ్రులు డ్రైవరుకు ఫోను చేయకూడదు, ఆలస్యమైతే సహాయకులకో బడికో చేయాలి. దీనికి సంఘంలో అన్నిటికంటే ఎక్కువ వ్యతిరేకత వస్తుందని నా అనుమానం.

చక్రం:
ఆ వాక్యం ఉంటే స్పీకరు సంగతి నేనూ వదులుకుంటాను. అయితే ఇంకొకటి మిగిలింది. పది నిమిషాలు ఆలస్యమైతే ఆ రోజు డబ్బులు కోసే ఒప్పందాలున్నాయి. నాకున్న రెండింటిలో ఒకటి అలాంటిదే. నిదానంగా నడపమని ముసాయిదాలో రాసి, త్వరగా రమ్మని ఒప్పందంలో రాస్తే నేను దేనికి సంతకం చేయాలి? ఆ కోత తీసేసేవరకు నేను సంతకం పెట్టను.

తూకం:
ఆ ఒప్పందంలోని ఆ భాగాన్ని, పేర్లు తీసేసి, ఇక్కడ పెట్టగలరా? కోత నిబంధనను ఎలా మార్చి రాయవచ్చో చూస్తాను.