చిన్న దుకాణం ఉన్నట్టు ఊరికి తెలిసేదెలా? నల్లగొండ, పాలమూరు వ్యాపారుల చర్చ

సకినాలక్క (నల్లగొండ)
అందరికీ నమస్కారం. రామగిరి వైపు ఒక గల్లీలో పిండివంటల దుకాణం పెట్టి ఎనిమిది నెలలైంది. సకినాలు, గరిజలు, మురుకులు, మామిడికాయ తొక్కు, అన్నీ ఇంట్లో చేసినవే అమ్ముతున్నాను. సంక్రాంతికి కూర్చునే తీరిక ఉండదు గానీ, పండుగ వెళ్లాక రోజుకు నలుగురైదుగురు వస్తే గొప్ప. ప్రచారంలో నాకు ఓనమాలు కూడా రావు. కాబట్టి మూడు సంగతులు అడుగుతున్నాను. పత్రికల్లో కరపత్రాలు పెట్టించడానికి ఏ రోజు మంచిది? గూగుల్ మ్యాప్‌లో దుకాణం కనిపించాలంటే ఏం చేయాలి? ఫేస్‌బుక్‌లో డబ్బు కడితే ఫలితం ఉంటుందా? ఇంతవరకు నేను చేసిందల్లా దుకాణం ముందు ఒక ఫ్లెక్సీ కట్టించడమే. అందులోనూ ‘స్వచ్ఛమైన నెయ్యి’ కాస్తా ‘స్వఛ్చమైన నెయ్యి’ అని పడింది.

పాలమూరు దర్జీ
అక్కా, గూగుల్ సంగతి నేను చెబుతాను, ఆ పేరు మీద ఎనిమిది వేలు పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి. పెళ్లిళ్ల రోజుల్లో చేతిలో కత్తెర, మెడలో టేపుతో ఊపిరాడక ఉన్నప్పుడు ఒకతను ఫోన్ చేసి, గూగుల్ నుంచి మాట్లాడుతున్నానని, డబ్బు కట్టకపోతే నా దుకాణాన్ని మ్యాప్ నుంచి తీసేస్తారని చెబితే, ముందూ వెనకా చూడకుండా పంపేశాను. అసలు ఆ పేజీకి రూపాయి కూడా అక్కర లేదు. 2021 దాకా దాన్ని గూగుల్ మై బిజినెస్ అనేవారు, ఇప్పుడు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటున్నారు. మీ జీమెయిల్‌తోనే తెరవవచ్చు. దుకాణం మీదేనని నిరూపించడానికి చాలాసార్లు వీడియో అడుగుతారు. వీధి, పేరున్న బోర్డు, లోపలి సరుకు, మీరు అక్కడ పని చేస్తున్నట్టు తెలిసే ఆధారం, అన్నీ ఆపకుండా ఒకే వీడియోలో చూపించాలి. ఇంకొక మాట. దుకాణం ఎక్కడుందో చూపే గుర్తును, అంటే పిన్నును, పెట్టేటప్పుడు మ్యాప్‌ను బాగా దగ్గరికి లాగి చూడండి. నాది పక్క వీధిలో పడినందువల్ల నెల రోజుల పాటు జాకెట్టు గుడ్డలు పట్టుకుని వచ్చినవాళ్లందరూ మటన్ దుకాణం ముందు నిలబడ్డారు.

కుంచె పట్టిన చేయి (మిర్యాలగూడ)
గూగుల్ తర్వాత సంగతి. ఆ ఫ్లెక్సీని ముందు దించండమ్మా. ముప్పై ఏళ్లు బోర్డులు రాశాను. రేకుకు తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరాక ఎనామిల్ రంగు వేసి, సుద్దతో గీతలు కొట్టి, రోడ్డుకు అవతల నిలబడి చూసి, ఆ తర్వాతే అక్షరం మొదలుపెట్టేవాళ్లం. అంగుళం ఎత్తు అక్షరం పది అడుగుల దూరానికి హాయిగా కనిపిస్తుందన్నది మా లెక్క. నలభై అడుగుల అవతల వెళ్లే మనిషి చదవాలంటే అక్షరం నాలుగంగుళాలకు తగ్గకూడదు. అందులోనూ తెలుగు అక్షరానికి కింద ఒత్తు ఉంటుంది, దానికి చోటు వదలాలి. ఇప్పుడు ఫ్లెక్సీ నిండా యజమాని ఫొటో, దేవుడి ఫొటో, పదహారు రకాల వంటల పేర్లు, రెండు ఫోన్ నంబర్లు. చదివేలోపు బండి వీధి దాటిపోతుంది. పైగా ప్లాస్టిక్ బ్యానర్లను 2022 జూలై 1 నుంచి నిషేధించారు కూడా.

ఫ్లెక్సీ అన్న (సూర్యాపేట)
పెద్దాయన మీద గౌరవం ఉంది గానీ, తెలియని చట్టం చెప్పి పది మందిని భయపెట్టడం పద్ధతి కాదు. నిషేధించింది 100 మైక్రాన్ల కంటే పలచని బ్యానర్లను మాత్రమే. మేము వాడే గుడ్డ అంతకంటే చాలా మందం. తప్పు అక్షరాల సంగతికి వస్తే, కస్టమర్లు వాట్సాప్‌లో యూనికోడ్‌లో, అంటే ఫోన్‌లో మామూలుగా టైపు చేసే తెలుగులో పంపుతారు, మా ఆపరేటర్ దాన్ని అచ్చు పనికి వాడే అను ఫాంట్లలోకి మారుస్తాడు, ఆ మార్పిడిలో కొన్ని ఒత్తులు చెదురుతాయి. అందుకే అచ్చుకు ముందు ప్రూఫ్ పంపి ‘ఒకసారి చూడండి’ అంటాము. చూడకుండానే బొటనవేలు గుర్తు కొట్టి పంపితే ఆ తప్పు ఎవరిది?

కుంచె పట్టిన చేయి (మిర్యాలగూడ)
తప్పు రాయనివాడికి ప్రూఫ్ అవసరం లేదు నాయనా.

ఫ్లెక్సీ అన్న (సూర్యాపేట)
మీరు వారం రోజుల్లో రాసే బోర్డును మేము గంటలో ఇస్తున్నాము, అదీ మీరు అడిగే ధరలో నాలుగో వంతుకు. జనం ఊరికే మా దగ్గరికి రావడం లేదు.

చిటికి కట్టే ఇంటివాణ్ణి (పోచంపల్లి)
మీ గొడవ పక్కన పెడితే, మా ఇంటి అనుభవం ఒకటి చెప్పాలి. మా ఊరిని 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసినప్పుడు ఇక గిరాకీ ఇంటికే నడిచి వస్తుందనుకున్నాము. వచ్చినవాళ్లు ఫొటోలు దిగి వెళ్లిపోయారు. చీరల ఫొటోలు ఎన్ని పెట్టినా ‘ధర ఎంత’ అని అడిగి మాయమయ్యేవారు. ఒక రోజు మా అమ్మ ఆసు పోస్తుంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి పేరుస్తుంటే, మా చెల్లెలు సరదాకు వీడియో తీసి పెట్టింది. ఒక మేకు చుట్టూ నూలు తిప్పి మళ్లీ మొదటికి రావడం, అంతే, వేరే ఏమీ లేదు. ఆ వీడియో చూసి బెంగళూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, ఒక్క చీరకు మీ అమ్మ చేయి ఇన్ని వేలసార్లు తిరుగుతుందా అని అడిగి, బేరం ఆడకుండా రెండు చీరలు తీసుకుంది. చింతకింది మల్లేశం గారు తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ కష్టం మాకు రోజూ కనిపించేదే, కొనేవాళ్లకు మాత్రం ఎవరూ చూపలేదు. మేము నేసే ఇకత్‌లో నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతాము, రంగు నూలుకే పడుతుంది కాబట్టి చీర రెండు వైపులా డిజైన్ ఒకేలా కనిపిస్తుంది, పైన అచ్చు వేసిన నకిలీలో వెనక వైపు వెలసినట్టు ఉంటుంది. ఈ ముక్క చెబుతూ చీరను తిప్పి చూపించిన వీడియోకు ఇంకా ఎక్కువ ఫోన్లు వచ్చాయి. అక్కా, మీరు సకినం చుట్టే చేతిని చూపించండి.

డిజిటల్ గురు 12 ఏళ్ల అనుభవం
ఇక్కడ అందరూ పాతకాలపు మాటలే చెబుతున్నారు. నేను ఇదే వృత్తిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. ఫేస్‌బుక్‌లో పోస్టును బూస్ట్ చేసేటప్పుడు, అంటే డబ్బు కట్టి ఎక్కువ మందికి చూపించేటప్పుడు, ప్రాంతం మార్చకుండా వదిలేస్తే మీ ప్రకటన ఎక్కడెక్కడివాళ్లకో కనిపించి డబ్బంతా ఆవిరైపోతుంది. నల్లగొండ చుట్టుపక్కలకే పరిమితం చేసి, లైకుల కోసం కాకుండా వాట్సాప్‌కు మెసేజ్ వచ్చేలా ప్రకటన పెట్టాలి. ప్రకటన ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ అదనంగా పడుతుందని కూడా లెక్కలో ఉంచుకోవాలి. మొదట నలభై యాభై రివ్యూలు చుట్టాల చేత రాయిస్తే మ్యాప్‌లో పైకి వస్తారు. నా దగ్గర ప్యాకేజీ కూడా ఉంది.

పాలమూరు దర్జీ
ప్యాకేజీ అనగానే నా ఎనిమిది వేలు గుర్తుకొచ్చాయి. గురువు గారూ, ఉత్తుత్తి రివ్యూలు గూగుల్ నియమాలకే విరుద్ధం. రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తామనడం కూడా అంతే. పట్టుబడితే రివ్యూలు పోవడమే కాక ఒక్కోసారి పేజీ మొత్తం మూతపడుతుంది. ఇన్నేళ్ల అనుభవంలో మీరు ఎన్ని కిలోల సకినాలు అమ్మించారో సెలవివ్వండి.

డిజిటల్ గురు 12 ఏళ్ల అనుభవం
నేను బ్రాండ్లతో పని చేస్తాను, సకినాలతో కాదు.

గాజుల బండి (నారాయణపేట)
అయితే ఈ చర్చలో మీకేం పని? నాకు ఫేస్‌బుక్ లేదు, ఫ్లెక్సీ లేదు. దీపావళి వెళ్లాక కురుమూర్తి జాతరకు, మాఘంలో చెర్వుగట్టుకు బండి వేసుకుని పోతాను. గాజులు చుట్టి ఇచ్చే కాగితం మీద నా నంబరు అచ్చు వేయించాను, ఆ కాగితం ఇంటిదాకా పోతుంది. నిరుడు చెర్వుగట్టులో కొన్న ఒకామె కూతురి పెళ్లికి పిలిచి నలభై మంది చేతులకు గాజులు వేయించింది.

తొక్కుల జాడీ (వనపర్తి)
అక్కా, తినే సరుకు ప్యాకెట్ చేసి అమ్ముతుంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లిచ్చే 14 అంకెల నంబరు, తయారీ తేదీ లేబుల్ మీద ఉండాలి. అది లేకుండా ప్రచారం చేస్తే ముందు వచ్చేది గిరాకీ కాదు, అధికారులు. ఇక వాట్సాప్ బిజినెస్ పెట్టుకుని కేటలాగ్‌లో ఫొటో, బరువు, ధర రాసి ఉంచండి. ఒకే మెసేజ్‌ను ఒకేసారి అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాకు 256 మంది వరకే పరిమితి, అదీ మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే చేరుతుంది. నేను ఆరు నెలలు రోజూ పొద్దున్నే శుభోదయంతో కలిపి ధరలు పంపి, ఎవరూ జవాబివ్వడం లేదని ఏడ్చాను. సగం మంది నంబరే సేవ్ చేసుకోలేదు, మిగతావాళ్లు విసిగి బ్లాక్ చేశారు. ఇప్పుడు తొక్కు కలిపిన రోజు మాత్రమే పంపుతాను.

కుంచె పట్టిన చేయి (మిర్యాలగూడ)
దర్జీ తమ్ముడు వీడియోలో బోర్డు చూపించాలన్నాడు కదా. మా అబ్బాయి చేత గూగుల్ నియమాలు చదివించాను. దుకాణానికి వచ్చి కొనే వ్యాపారమైతే స్థిరంగా బిగించిన బోర్డు ఉండాలని అందులో ఉంది. తాళ్లతో కట్టిన గుడ్డ అనలేదు.

ఫ్లెక్సీ అన్న (సూర్యాపేట)
ఫ్లెక్సీని ఇనుప చట్రానికి బిగించి గోడకు బోల్టులు వేస్తే అది కూడా స్థిరమైనదే. చట్రం మేమే చేస్తాము. అక్క చెప్పిన ఆ తప్పు ‘స్వఛ్చమైన’ మా దగ్గర అచ్చయింది కాదు గానీ, వృత్తి పరువు కోసం అక్కకు అచ్చు ఖర్చు మాత్రమే తీసుకుని కొత్తది వేసిస్తాను. ప్రూఫ్ పెద్దాయనే చూడవచ్చు.

కుంచె పట్టిన చేయి (మిర్యాలగూడ)
చూస్తాను. పదహారు వంటల పేర్లు మాత్రం ఒప్పుకోను. పేరు, ‘సకినాలు’ అన్న ఒక్క మాట, ఫోన్ నంబరు, అంతే.

సకినాలక్క (నల్లగొండ)
అందరికీ ధన్యవాదాలు. మ్యాప్‌లో పేజీ తెరిచాను, వీడియో తీయడానికి కొత్త బోర్డు కోసం ఆగాను. సకినం చుట్టే వీడియో మా కోడలు నిన్న పెట్టింది, పాత గిరాకీలోనే ఇద్దరు చూసి కిలో చొప్పున చెప్పారు. కానీ నేను మొట్టమొదట అడిగిన ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు. కరపత్రాలు ఏ రోజు పెట్టించాలి?

పేపర్ ఏజెంటు (దేవరకొండ)
ఆదివారం వద్దమ్మా. ఆ రోజు బట్టల దుకాణాలవీ, కాలేజీలవీ నాలుగైదు కాగితాలు పడతాయి, జనం పత్రిక విప్పగానే అన్నిటినీ కలిపి దులిపేస్తారు. జీతాలు చేతిలో ఉండే నెల మొదటి వారంలో గురువారమో శుక్రవారమో పెట్టించండి. ప్రెస్సుకు వెళ్లి ఐదు వేలు కొట్టించకుండా, ముందు మీ ఏజెంటును అడిగి మీ చుట్టుపక్కల వీధుల్లో ఎన్ని పత్రికలు పడతాయో కనుక్కోండి. మూడు వందలు పడితే మూడు వందల యాభై చాలు. కట్టను ముందు రోజు సాయంత్రమే ఇవ్వాలి, తెల్లవారుజామున నాలుగింటికి తెస్తే మా పిల్లలు తీసుకోరు. వీలైతే ఆ పూట మీరే వచ్చి, లోపల పెట్టే పిల్లలకు తలా గుప్పెడు మురుకులు ఇవ్వండి. ఏ ఇంటికీ కాగితం తప్పిపోదు.