ఆగస్టులో కొండ మీద ఆ తెల్ల మచ్చలేంటి? స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి

గోదారిగట్టు:
ఎడిన్‌బరా వచ్చి పది నెలలైంది. మొన్న ఆదివారం ముగ్గురం కలిసి బెన్ మక్‌డుయీ ఎక్కాం. బ్రిటన్‌లో రెండో ఎత్తైన కొండ, 1309 మీటర్లు. ఆగస్టు కదా, పైకి చేరేసరికి టీషర్ట్ తడిసిపోయింది. అక్కడ కూర్చుని పులిహోర తింటుంటే లోయకి అవతల ఇంకో పెద్ద కొండ, దాని కడుపులో తొలిచినట్టు ఒక గుంట, ఆ గుంటలో రెండు తెల్ల మచ్చలు. మా రూమ్మేట్ గొర్రెలన్నాడు. ఇంకొకడు తెల్లరాయి అన్నాడు. ఫోన్‌లో జూమ్ చేసి చూస్తే మంచే! రాజమండ్రిలో ఐస్‌ముక్క పళ్ళెంలో వేసి పక్కకి తిరిగితే నీళ్ళే. అలాంటిది చలికాలం మంచు ఇప్పటిదాకా ఎలా ఉంది? పైన అంత చలి ఏమీ లేదే, మేమే ఎక్కాం కదా. దగ్గరికి వెళ్ళినవాళ్ళెవరైనా ఉన్నారా?

అబర్డీన్_బావ:
గొర్రెలు కాదు తమ్ముడూ, నువ్వు చూసింది మామూలు మచ్చల్ని కాదు, ఈ దేశంలో అన్నిటికన్నా మొండివాటిని. ఆ కొండ బ్రేరియాఖ్, ఆ గుంట గార్వ్ కోరి మోర్. ఇక్కడి పాత భాష గేలిక్‌లో గార్వ్ అంటే కరుకు, కోరి అంటే వంట గంగాళం, మోర్ అంటే పెద్ద, కాబట్టి మన లెక్కలో "పెద్ద కరుకు గంగాళం". అందులో స్ఫింక్స్ అనేది ఒకటి, పినకిల్స్ అనేది ఇంకొకటి. పైనున్న రాతి ఎక్కుడు దారుల పేర్లే మంచుకీ పెట్టేశారు.

చలి వల్ల కాదు, గాలి వల్ల నిలుస్తుంది. బ్రేరియాఖ్ పైభాగం మైదానంలా బల్లపరుపుగా ఉంటుంది. చలికాలమంతా నైరుతి గాలి ఆ మైదానం మీద పడ్డ మంచునంతా ఊడ్చుకొచ్చి ఈశాన్యం వైపున్న ఈ గుంటలో పోస్తుంది. తూర్పారపట్టేటప్పుడు పొట్టంతా ఒక పక్క కుప్ప పడదూ, అలాగన్నమాట. పైన మోకాలెత్తు కూడా లేని రోజు కింద గుంటలో ఇంటికప్పంత లోతు ఉంటుంది. పైగా ఆ గుంటకి ఎండ తక్కువ. ఇక్కడి గాలి సంగతి తెలియాలంటే ఒక్కటి చాలు, 1986 మార్చిలో పక్కనే కెయిర్న్ గోర్మ్ శిఖరం మీద గంటకి 173 మైళ్ళ వేగం నమోదైంది. చలే ముఖ్యమైతే బ్రేమార్ ఊళ్ళో ఉండాలి మంచు, అక్కడ మైనస్ 27.2 డిగ్రీలు రెండుసార్లు వచ్చింది, 1895లో, 1982లో. ఆ ఊళ్ళో ఏప్రిల్ దాటితే గడ్డి కోస్తుంటారు.

పప్పుచారు_గ్లాస్గో:
అన్నా, గడ్డి ఏప్రిల్‌లో కోయరు. మిగతాదంతా ఓకే 😄

అబర్డీన్_బావ:
సరే సరే, జూలై.

ఓరుగల్లు_పిల్ల:
నేను పోయిన. మూడేళ్ళైతది, సెప్టెంబర్ మొదట్ల. పొద్దుగాల ఆరింటికి కార్ పార్కింగ్‌ల బయల్దేరితే లైరిగ్ గ్రూ కనుమల రాళ్ళ మీద దుంకుకుంట దుంకుకుంట పోవుడే, దారి అనేది పేరుకే. గుంటలకు పోయే ముందు ఆఖరు ఎక్కుడు మొత్తం జారే రాళ్ళు, ఒక్క రాయి కదిలితె పది కదుల్తయి.

ఇగ మంచు దగ్గరికి పోయినంక నా మొఖం చూడాల్సింది. నేను తెల్లగ మెత్తగ ఉంటదనుకున్న, సంక్రాంతి గ్రీటింగ్ కార్డు మీద మెరుపుల లెక్క. అదేమో బూడిదరంగుల, మట్టి, ఎండిన నాచు, పురుగులు అంటుకొని, పైనంత చిన్న చిన్న గుంతలు, చెంచాతోని గీకినట్టు. చేత్తోని తడితె గట్టిగ ఠంగుమన్నది. ఉప్పుగల్లంత గింజలు గింజలుగ ఉంటది, ఒక్కటి తీసి కొరికిన, మట్టి వాసన. సైజు చెప్పాలంటే మా హన్మకొండ ఇంటి ముందలి వాకిలంత. దాని అంచుల కింద నుంచి నీళ్ళు టప్పుటప్పుమని పడుతనే ఉన్నయి, ఇగ ఆ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. నాకెందుకో ఆస్పత్రిల పేషెంట్ పక్కన కూసున్నట్టు అనిపించింది.

గోదారిగట్టు:
అక్కా చదువుతుంటేనే వెళ్ళాలనిపిస్తోంది. ఎండకి కరగదా అసలు?

అబర్డీన్_బావ:
ఎండని ఎవడూ లెక్కచేయడు తమ్ముడూ. మంచుకి అసలు శత్రువు వెచ్చటి తేమగాలి, వాన. ఆకాశం మబ్బుపట్టి, గాలి హోరున వీస్తూ, రాత్రి కూడా 12, 13 డిగ్రీలుండే వారం ఒకటి వచ్చిందంటే ఎర్రటి ఎండలో కరిగినదానికన్నా ఎక్కువ పోతుంది. ఎండ పగలే పనిచేస్తుంది, ఆ గాలి రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. కింద నుంచి వాగు కూడా తొలిచేస్తుంది. అందుకే సొరంగాలు పడతాయి.

కొండగాలి:
సొరంగాల మాట వచ్చింది కాబట్టి నా వెధవపని చెప్తాను. బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ బెన్ నెవిస్ ఉత్తర ముఖం కింద, అబ్జర్వేటరీ గల్లీ అనే నిటారు కొండచీలికలో జూలై ఆఖరున ఒక మచ్చ కింద సొరంగం. లోపల నీలం వెలుగు, పైకప్పంతా అద్దంలా నున్నగా గిన్నెలు గిన్నెలుగా, చూస్తే ఎవరికైనా ఫోటో కావాలనిపిస్తుంది. లోపలికి ఓ ఐదడుగులు వేశాను. మా ఆవిడ బయటి నుంచి "రండి బాబూ, అది కారుతోంది" అంటోంది, "ఒక్క ఫోటో" అంటున్నాను. ఫోటో తీసుకుని బయటికొచ్చి బాటిల్ మూత తిప్పుతుంటే వెనకాల ధభేలుమంది. నేను నిలబడిన చోటే గ్యాస్ సిలిండర్ అంత ముక్క. ఆ గట్టిపడ్డ మంచు మెత్తటిది కాదు, సిమెంటు దిమ్మతో సమానం. ఆ ఫోటో ఇప్పటికీ మా ఆవిడ ఎవరికీ చూపించనివ్వదు. సొరంగాల్లోకి వెళ్ళకండి. రాతికీ మంచుకీ మధ్య సందు ఉంటుంది చూశారా, అది కూడా పైకి జానెడే కనిపిస్తుంది, లోపల నిలువెత్తు.

పప్పుచారు_గ్లాస్గో:
అదే బెన్ నెవిస్ మీద ఇంకో మాట. మే నెలలో గ్లాస్గోలో పూలు పూస్తున్నాయని స్పోర్ట్స్ షూతో వెళ్ళిపోతారు మనవాళ్ళు, పైన దారే కనపడదు, శిఖరం చుట్టూ ఇంకా బోలెడు మంచు. మబ్బు కమ్మితే మంచూ ఆకాశమూ ఒకటే తెలుపు, పక్కనే ఉత్తరం వైపు కొండ తెగిపడ్డట్టు ఉంటుంది. కాస్త మ్యాపు, కంపాస్ వాడటం నేర్చుకుని వెళ్ళండి, ఫోన్ చలికి చచ్చిపోతుంది.

రేపల్లె_రాజు:
ఒక డౌట్. వీటిని ఎవరు లెక్కపెడతారు? ఇంత చిన్న మంచుముక్క కరిగితే ఎవరికి కావాలండీ, మళ్ళీ చలికాలం రాదా?

అబర్డీన్_బావ:
రాజు గారూ, మంచి ప్రశ్న. లెక్కపెట్టేవాళ్ళున్నారు, చాలామంది జీతం లేనివాళ్ళే. ఆడమ్ వాట్సన్ అని ఒక జీవశాస్త్రవేత్త దశాబ్దాల తరబడి రాసిపెట్టారు, 2019లో పోయారు. ఇప్పుడు ఇయన్ కామెరాన్ అనే ఆయన ఆ పని చేస్తున్నాడు. ఎన్ని మచ్చలు కొత్త మంచు నిలిచేదాకా బతికాయో లెక్కగట్టి ఏటా రాయల్ మెటియరలాజికల్ సొసైటీ పత్రికలో వేస్తారు. 2015లో 74 బతికాయి. రెండేళ్ళు తిరిగి 2017 వచ్చేసరికి సున్నా.

స్ఫింక్స్ సంగతి మరీ. 1933కి ముందు అది పూర్తిగా కరిగిన రికార్డే లేదు. ఆ ఏడాది కరిగితే కొండలెక్కేవాళ్ళంతా బిత్తరపోయి, ఇలాంటిది మళ్ళీ జరగడం కష్టమని లండన్ టైమ్స్‌కి ఉత్తరం రాశారట. తర్వాత 1959, 1996, 2003, 2006, 2017, 2018. ఆ తర్వాత 2021, 2022, 2023 వరసగా మూడేళ్ళు. ఇరవై ఆరేళ్ళు, ముప్ఫై ఏడేళ్ళు ఆగి వచ్చే అతిథి ఇప్పుడు ఏటా వస్తున్నట్టుంది. ఇది చూసి ఎవరి అభిప్రాయం వాళ్ళు ఏర్పరచుకోండి, నాకైతే ఏ సందేహమూ లేదు.

రేపల్లె_రాజు:
ఒక్కో ఏడు మంచు తక్కువ పడొచ్చు కదా, అన్నీ వాతావరణ మార్పు ఖాతాలో వేయడం తేలిక.

ఓరుగల్లు_పిల్ల:
నిజమే రాజు గారు, రెండూ కలిస్తేనే లెక్క. పడేది తక్కువైతె గుంటల చేరేదీ తక్కువ, ఆనక ఎండాకాలం, వానాకాలం వెచ్చగుంటె ఉన్నది కూడ ఆగది. కని, మంచు పడేది కూడ ఎందుకు తక్కువైతుందో ఆలోచించుండ్రి. ఇంకోటి, ఆ మంచు కిందనే బతికే నాచులున్నయి, మంచు లేటుగ కరిగే జాగల్నే అవి ఉంటయి. మంచు లేకుంటె గడ్డి వచ్చి వాటిని మింగుతది. మనకు చిన్నదే, వాటికి ఇల్లు.

కొండగాలి:
ఇక్కడి ముసలాయన ఒకరు చెప్పిన కథ. బెన్ వైవిస్ అనే కొండ దగ్గర ఒక జమీందారీ కుటుంబానికి, రాజు ఎప్పుడడిగితే అప్పుడు, నడి వేసవిలో అడిగినా సరే, ఒక మంచుముద్ద ఇవ్వగలగాలన్న షరతు మీద భూములిచ్చారట. ఈ రోజుల్లో అయితే శిస్తు కట్టలేక జప్తు అయిపోయేవి.

గోదారిగట్టు:
అప్‌డేట్. అక్టోబర్ రెండో శనివారం వెళ్ళాను, ఓరుగల్లు అక్క చెప్పిన దారిలోనే. మంచు లేదు. గుంటలో పైకి ఎక్కి చూస్తే ఒకచోట రాళ్ళు మిగతావాటికన్నా పాలిపోయి, ఒక్క నాచుమచ్చ కూడా లేకుండా కడిగినట్టున్నాయి. స్ఫింక్స్ ఉండే చోటు అదేనని అక్కడ కలిసిన ఒకాయన చూపించాడు. ముట్టుకుంటే రాయి ఇంకా తడిగా ఉంది, వానదో దానిదో తెలీదు. అమ్మకి వీడియోలో చూపించాను. "ఈ రాళ్ళు చూడ్డానికా నాన్నా తెల్లారకుండా లేచి అంత దూరం వెళ్ళావు, కనీసం ఏమైనా తిన్నావా" అంది.

పప్పుచారు_గ్లాస్గో:
తిన్నావా మరి?

గోదారిగట్టు:
పులిహోర. అదే రాయి మీద కూర్చుని.