తొట్టి నిండా గుర్రపుడెక్క, ఎలా వదిలించుకోవాలి?

పటమట_పెరటితోట:
నమస్తే అండీ. మా పెరట్లో నాలుగడుగుల సిమెంటు తొట్టి ఉంది, అందులో ఒక తామర దుంప, దోమల కోసం కాసిని గప్పీ చేపలు. జూన్‌లో మా మరిది బందరు కాలువ గట్టు మీదుగా వస్తా వస్తా ఊదా పువ్వు బాగుందని రెండు మొక్కలు పీక్కొచ్చి పడేశాడు, నేనూ మురిసిపోయి స్టేటస్ కూడా పెట్టా మరి! ఇప్పుడు నీళ్ళే కనపడట్లా. తామర ఆకు ఒక్కటి కూడా పైకి రావట్లేదు, తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. రెండుసార్లు పీకేసినా వారానికల్లా మళ్ళీ పిల్లలు. గడ్డిమందు కొట్టేదా?

తెనాలి_రైతుబిడ్డ:
మందు జోలికెళ్ళకండి అక్కా, మీ తామర కూడా పోద్ది, పైగా చచ్చిన ఆకంతా అందులోనే కుళ్ళితే చేపలకి ఉన్న కాస్త గాలీ ఉండదు. అసలు కిటుకంతా తీగలో ఉంది. తల్లి మొక్క నుంచి అడ్డంగా ఒక తీగ వెళ్తది, దాని కొసకి పిల్ల మొక్క, మీరు లాగినప్పుడు తీగ పుటుక్కున తెగి పిల్ల అక్కడే ఉండిపోద్ది, పరిస్థితి అనుకూలిస్తే పదిహేను రోజులకే రెట్టింపు. పాత దోమతెర ముక్కతో దేవండి. పూత పూసింది కాబట్టి అడుగు బురదలో విత్తనాలు కూడా పడుంటాయి, అవి ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. అందుకని చేపల్ని బకెట్లోకి మార్చి, దుంప కడిగేసి, బురద మొత్తం ఎత్తిపోసి కొత్త మట్టి వేసుకోండి.

కొమ్మమూరు_కాలవగట్టు:
పీకింది మాత్రం మళ్ళీ కాలవలో పారెయ్యకండి ప్లీజ్. మా వైపు పొక్లెయిన్‌తో తీసి గట్టు మీదే పోస్తారు, వానొస్తే సగం మళ్ళీ కాలవలోకే, ఇంక ఆ డబ్బులెందుకు ఖర్చుపెట్టినట్టో. ఇది మన మొక్క కూడా కాదు, దక్షిణ అమెరికాది, బెంగాల్లో ఎంత విసిగిపోయారంటే 1936లో దీని మీద ఏకంగా చట్టమే చేశారు.

పటమట_పెరటితోట:
ఎండబెట్టి కంపోస్ట్‌లో వేసుకోవచ్చా మరి?

తెనాలి_రైతుబిడ్డ:
మీ తొట్టిలో పెరిగిందైతే వేసుకోండి, బాగా ఎండాలి, ఒళ్ళంతా నీళ్ళే కదా దానికి. మురుగు కాలవలో దాన్ని మాత్రం కూరగాయలకి వద్దు, సీసం లాంటివన్నీ లాగేసుకుని ఉంటది.

పటమట_పెరటితోట:
అప్‌డేట్: ఆదివారం పొద్దున్నే మొదలెడితే మధ్యాహ్నం అయింది. వేర్లు నల్లగా ఈకల్లా ఉన్నాయి, వాటి మధ్య గప్పీ పిల్లలు ఇరుక్కుపోయి ఉంటే ఒక్కో మొక్కా బకెట్లో జాడించి ఏరా, పద్దెనిమిది దొరికాయి. ఉబ్బిన కాడలు మా బాబు చెప్పు కింద వేసి టపటపా పేలుస్తా కూర్చున్నాడు. మా మరిది ఏమో ఈసారి అంతర తామర (అదే, నీళ్ళ మీద తేలే క్యాబేజీలాంటి మొక్క) తెస్తా వదినా అంటున్నాడు, చిన్నదే కదా పర్లేదా?

కొమ్మమూరు_కాలవగట్టు:
అదీ ఇదే బాపతు అక్కా. మరిదిగారిని కాలవ గట్టు మీదుగా రావద్దనండి 😂