కొత్త ఇంట్లో లోపలి కెమెరాలు కనబడకుండా పెట్టించడం సరైనదేనా?

పానగల్ రోడ్డు:

నల్గొండలో పానగల్ వైపు ఇల్లు కడుతున్నాం. స్లాబ్ పడింది, గోడలు లేచాయి. ప్లాస్టరింగ్‌కు ముందే కెమెరా పాయింట్లు ఎక్కడెక్కడో చెప్పమని ఎలక్ట్రీషియన్ తొందర పెడుతున్నాడు. గేటుకు, మెట్లకు పెట్టించడానికి ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. గొడవంతా లోపలి వాటి దగ్గరే. నాది మిర్యాలగూడలో ఉద్యోగం, నా భార్యది నకిరేకల్‌లో. పగలంతా ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. పనామె వచ్చి పోతుంటుంది. పండక్కి ఊరెళ్తే ఇంటికి తాళమే.

అందుకని హాల్లో ఒకటి, బీరువా గది ముందు నడవలో ఒకటి, వంటింటి వెనక తలుపుకు ఒకటి అనుకున్నాను. సీలింగ్‌కు తెల్ల డబ్బాలు వేలాడుతుంటే దుకాణంలా ఉంటుందని ఫాల్స్ సీలింగ్‌లో కలిసిపోయేవి, గడియారంలో అమరేవి చూస్తున్నాను. "ఎక్కడుందో కనబడని కెమెరా ఉన్న హాల్లో నేను కూర్చోను" అని నా భార్య తేల్చి చెప్పింది. కనబడితే దొంగ దాన్నే ముందు పగలగొడతాడు కదా అని నా వాదన. మీరేమంటారు?

పాలమూరు వైరింగ్:

అన్నా, మహబూబ్‌నగర్, జడ్చర్ల చుట్టుపక్కల నేను చేసేది ఇదే పని. వైఫై కెమెరాల మీద ఆధారపడకు. వైర్ల కోసం గోడలకు గాడులు కొట్టేటప్పుడే ప్రతి పాయింటుకు క్యాట్-6 కేబుల్ (ఇంటర్నెట్‌కు వాడే రకం తీగ) లాగించు. కరెంటు, వీడియో రెండూ ఆ ఒక్క కేబుల్‌లోనే పోతాయి, 100 మీటర్ల దాకా ఇబ్బంది ఉండదు. కరెంటు వైర్ల పైపులో మాత్రం దీన్ని కలిపి లాగనివ్వకు, వేరే పైపు వేయించు. ఇంటి అందం చెడేది చాలావరకు కెమెరాతో కాదు, దాని కింద వేలాడే అడాప్టరు, వైర్లతో. అవి లేకపోతే గోడ రంగులో కలిసిపోయే చిన్న డోమ్ కెమెరాను ఎవరూ పనిగట్టుకుని చూడరు.

దాచాల్సింది రికార్డర్‌ను. చాలా ఇళ్లలో దాన్ని టీవీ కిందే పెడతారు. వచ్చినవాడు దాన్ని చంకన పెట్టుకుపోతే రికార్డింగ్ అంతా వాడితోనే పోతుంది. సజ్జ మీద తాళమున్న అరలో, గాలి ఆడేలా పెట్టించు. రూటర్, రికార్డర్, కెమెరాల కేబుళ్లన్నీ కలిసి కరెంటు అందుకునే నెట్‌వర్క్ స్విచ్ డబ్బా అన్నీ ఇన్వర్టర్ లైన్ మీద ఉండాలి.

గడియారం కెమెరాల జోలికి పోవద్దు. లెన్సు సూదిమొనంత ఉంటుంది, రాత్రి మనిషి మొహం ఆనదు. ఇంకొందరు షోకేసు అద్దం వెనక పెట్టమంటారు. పగలు బాగానే కనబడుతుంది. లైటార్పగానే చీకట్లో చూడటానికి కెమెరా వదిలే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు అద్దానికి కొట్టుకుని వెనక్కే వస్తుంది, తెర మీద తెల్లటి పొగ తప్ప ఏమీ ఉండదు. ఇదివరకు అలా పెట్టినవి నేనే ఊడదీసి బయటికి మార్చాను.

వనపర్తి కోడలు:

మీరంతా దొంగ గురించి మాట్లాడుతున్నారు. దొంగ ఎప్పుడో ఒకసారి వస్తాడేమో. ఆ కెమెరా కింద రోజంతా తిరిగేది ఇంట్లో ఆడవాళ్లు.

మా అత్తగారింట్లో హాల్లో కెమెరా ఉండేది. దానికి మైకు కూడా ఉందని నాకెవరూ చెప్పలేదు. ఫోన్‌లో యాప్ మా బావగారి దగ్గర, ఆయన హైదరాబాద్‌లో. నేను మధ్యాహ్నం మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడుకున్న మాటలు సాయంత్రం మా అత్తమ్మ నోట వచ్చేవి. అప్పట్నించి అమ్మ ఫోన్ వస్తే వంటింట్లోకి వెళ్లి మిక్సీ వేసి మాట్లాడేదాన్ని. పాపకు పాలివ్వాలంటే గాలి ఆడని గదిలోకి పోయి తలుపేసుకోవాలి, కూలరేమో హాల్లో. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఒంటి మీద కొంగు సర్దుకుంటూనే ఉన్నాను.

కాబట్టి అన్నా, కెమెరా కనబడుతుందా లేదా అన్నది తర్వాత. చూసేది ఎవరు, పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంది, ఆపే హక్కు ఎవరికుంది? వదిన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

దేవరకొండ అబ్బాయి:

అక్కా, మీకు జరిగింది అన్యాయమే. అందరి ఇళ్లూ అలా ఉండవు. మా అమ్మ దేవరకొండలో ఒక్కతే ఉంటుంది, నేను పుణెలో పని చేస్తున్నా. ఒకరోజు హాల్లో జారి పడింది, ఫోన్ అందలేదు. ఎంతకీ ఫోన్ ఎత్తడం లేదని కెమెరా తెరిచి చూశాను కాబట్టి పక్కింటివాళ్లను పంపగలిగాను. ఆ కెమెరా లేకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికే భయం వేస్తుంది.

కనబడకుండా పెట్టమని అడిగింది కూడా అమ్మే. పేరంటానికి వచ్చినవాళ్లు పైకి చూసి "కొడుకు కాపలా పెట్టిండా?" అని అడుగుతుంటే ఆమెకు చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు టీవీ పక్కన చెక్క అరలో ఉంది, చూస్తే స్పీకర్ అనుకుంటారు. అమ్మకు తెలుసు, చుట్టాలకు తెలియదు. దీంట్లో తప్పేముంది?

వనపర్తి కోడలు:

మీ అమ్మ ఒప్పుకుంది, ఆమె ఇల్లు, దాని గురించి నేను మాట్లాడను. కానీ చుట్టాలకు తెలియదు అన్నారే, నా అభ్యంతరం అక్కడే. మన ఇళ్లలో హాలంటే ఏమిటి? పెళ్లికో, బతుకమ్మకో వచ్చిన చుట్టాలు చాపలు పరుచుకుని పడుకునేది అక్కడే. ఎండాకాలం ఇంటిల్లిపాదీ కూలర్ ముందు పడుకునేది అక్కడే. తెల్లారుజామున గదులు ఖాళీ లేక ఆడపిల్లలు లైటార్పి, కొంగు అడ్డం పెట్టుకుని చీర మార్చుకునేది కూడా అక్కడే. చీకటి కదా అనుకుంటారు. చీకట్లో కూడా చూసే కెమెరా అరలో ఉందని వాళ్లకు ఎవరు చెప్తారు?

కోర్టు రోడ్డు:

వృత్తిరీత్యా వకీలును. చట్టం సంగతి చెప్తాను. సోదరి చివర చెప్పింది చిన్న విషయం కాదు. స్త్రీ ఏకాంతంలో ఉన్నాననుకుని దుస్తులు మార్చుకుంటుండగా చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్ల జైలు, మళ్లీ చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. ఎవరి మరుగు భాగాలనైనా ఒప్పుకోలు లేకుండా చిత్రీకరిస్తే పడే ఐటీ చట్టం 66ఇ సెక్షన్ ఆడా మగా ఇద్దరికీ వర్తిస్తుంది, మూడేళ్ల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. దొంగ కోసమే పెట్టానన్న వాదన ఎంతవరకు నిలుస్తుందో కేసు నడిచాక గానీ తేలదు, అప్పటికి కుటుంబం పరువు ఎటూ పోతుంది.

ఇక ఇంట్లో పెట్టుకోవడానికి అనుమతి కావాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. మన రాష్ట్రంలో 2013 నాటి ప్రజా భద్రత చట్టం కెమెరాలు తప్పనిసరి చేసింది జనం గుమిగూడే సంస్థలకే, ఇళ్లకు కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా సొంత, ఇంటి అవసరాలకు వాడుకునేవారిని మినహాయించింది. అంటే మీ హాల్లో ఏం రికార్డవుతోందని ఆ చట్టం కింద వచ్చి అడిగేవారు లేరు. ఇంట్లోవాళ్లు అడ్డు చెప్పినప్పుడు వినాల్సింది అందుకే.

పడకగది, స్నానాలగది, బట్టలు మార్చుకునే చోటు వద్దే వద్దు. పైన పోర్షన్ అద్దెకిచ్చే ఆలోచన ఉంటే వాళ్ల తలుపు, కిటికీ మీ కెమెరాలో పడకుండా ప్రైవసీ మాస్క్ పెట్టించండి, అంతవరకు తెర నల్లగా ఉండిపోతుంది.

పానగల్ రోడ్డు:

అక్క రాసింది నా భార్యకు చదివి వినిపించాను. ఆమె నాతో చెప్పలేక ఊరుకున్న మాటలే అవి అంది. హాలు కెమెరా ఆలోచన మానుకున్నాను. నడవ, వెనక తలుపు సంగతి మాత్రం వదలలేను, ఊరెళ్లినప్పుడు భయం భయమే. ఇంకోటి, పనామెకు చెప్పాలా? చెబితే నమ్మకం లేదనుకుంటుందేమో. ఏళ్లుగా మా దగ్గరే చేస్తోంది.

వనపర్తి కోడలు:

చెప్పాలి. చెప్పకుండా పెట్టి, తర్వాత ఆమెకు తెలిస్తే అప్పుడు నిజంగానే నమ్మకం లేదనుకుంటుంది. వెనక తలుపుకు కెమెరా ఉందని చూపించి, ఎందుకో చెప్పండి. ఏదైనా వస్తువు కనబడకుండా పోతే ఆమె మీద నింద పడకుండా కూడా అదే కాపాడుతుందని చెప్పండి.

పాలమూరు వైరింగ్:

అన్నా, ఊరెళ్లినప్పుడే కావాలంటే దానికి దారి ఉంది. లోపలి కెమెరాలు రెండిటికీ విడిగా ఒక చిన్న నెట్‌వర్క్ స్విచ్ డబ్బా పెట్టి, దాని ప్లగ్ పాయింటుకు నడవ బోర్డులో మామూలు బటన్ ఇప్పిస్తా. బయటివి వేరే డబ్బా మీద ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి. తాళం వేసేటప్పుడు బటన్ వేస్తారు, రాగానే తీసేస్తారు. యాప్‌లో ఆపడం వేరు, ఇది వేరు. వదిన గానీ అమ్మ గానీ ఎవరి ఫోనూ అడగకుండా చేత్తో ఆపేయొచ్చు. ఆపినప్పుడు సిగ్నల్ పోయిందని రికార్డర్ బీప్ కొడుతుంది, సెట్టింగ్స్‌లో ఆ శబ్దం తీసేయాలి, లేకపోతే రాత్రంతా నిద్ర ఉండదు. దొంగ కూడా ఆపేస్తాడు కదా అంటావేమో. బటన్ ఎక్కడుందో వెతికి ఆపేలోపే వాడి మొహం రికార్డయి, నీ ఫోన్‌కు అలర్ట్ వచ్చేసి ఉంటుంది.

రికార్డింగ్ లెక్క చెప్తా. 2 మెగాపిక్సెల్ కెమెరా 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) మీద నడిస్తే రోజుకు 21 జీబీ పైనే తింటుంది. నాలుగు కెమెరాలు ఆపకుండా నడిస్తే 1 టీబీ డిస్క్‌లో 11 రోజులకు మించి నిలవదు. కదలిక ఉన్నప్పుడే రికార్డ్ చేసేలా పెడితే ఇంకా చాలా రోజులు వస్తుంది, కానీ ఫ్యాన్‌కు కర్టెన్ ఊగినా అలర్ట్ కొడుతుంది, కదలిక ఎక్కడ చూడాలో తెర మీద హద్దులు గీసుకోవాలి. రాత్రి ఎర్ర చుక్క కనబడకూడదంటే 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఉన్నది అడుగు, మామూలుగా వచ్చే 850 రకం చీకట్లో మసక ఎరుపుగా కనబడుతుంది. 940 కొంచెం తక్కువ దూరమే చూస్తుంది, నడవకు సరిపోతుంది.

దేవరకొండ అబ్బాయి:

బాగానే ఉంది కానీ, బటన్ ఆపి ఉన్న రోజే అమ్మ పడిపోతే? పానగల్ అన్న వాళ్ల అమ్మ కూడా పగలంతా ఒక్కతే కదా. నా వరకైతే అమ్మ ప్రాణం కంటే నాకేదీ ఎక్కువ కాదు, మా ఇంట్లో కెమెరా ఆగదు.

ఇంకోటి చెప్పాలి. మార్కెట్లో చవకగా దొరికే పాత సరుకు కొనొద్దు. 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలకు కేంద్రం భద్రతా పరీక్ష తప్పనిసరి చేసింది. ఆ సర్టిఫికెట్ ఉందా అని అడిగి తీసుకోండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చండి. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా లక్షల కెమెరాలను, రికార్డర్లను పట్టుకున్నది పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసినందుకే. కెమెరా పెట్టిన టెక్నీషియన్ ఫోన్‌లో మీ ఇల్లు అలాగే ఉండిపోకుండా, వాళ్లు వెళ్లాక యాప్‌లో ఎవరెవరి పేర్లున్నాయో చూసుకోండి.

పాలమూరు వైరింగ్:

తమ్ముడు చెప్పింది నిజం. మా పనివాళ్లు పరీక్ష కోసం తమ ఫోన్లో కలుపుకుంటారు, కొందరు తీయడం మర్చిపోతారు. మీ ముందే తీయమని అడగండి, నేనైతే ఏమీ అనుకోను.

వనపర్తి కోడలు:

ఇంతమందిమి మాట్లాడుకున్నాం. పగలంతా ఆ ఇంట్లో ఉండే అమ్మను ఎవరైనా అడిగారా?

పానగల్ రోడ్డు:

నిన్న రాత్రి అడిగాను. నడవ కెమెరాకు బటన్ ఉంటే సరే అంది. వెనక తలుపుకు కూడా సరే. పడిపోతే ఎలా అంటే మెడలో వేసుకునే కాలింగ్ బెల్ బటన్ లాంటిది కొనివ్వు, పక్కింటి వదినకు వినబడేలా పెట్టు అంది. దాని తర్వాత అడిగింది నేను అనుకోనిది. "గేటు దగ్గర ఎవరున్నారో మీ ఫోన్లల్ల చూసుకుంటరు, నాకెట్ల కనబడతది?" అంది. బెల్ కొట్టిన ప్రతిసారీ మోకాళ్ల నొప్పితో లేచి వెళ్లేది ఆమే. వైరింగ్ అన్నా, రికార్డర్ నుంచి అమ్మ గదికి హెచ్‌డీఎంఐ కేబుల్ లాగొచ్చా?

పాలమూరు వైరింగ్:

అంత దూరం హెచ్‌డీఎంఐ లాగితే బొమ్మ ఆగి ఆగి వస్తుంది, వద్దు. గేటుకు వీడియో డోర్ ఫోన్ పెట్టిద్దాం. అమ్మ మంచం పక్కన గోడకు 7 అంగుళాల తెర, కూర్చుని చెయ్యి చాస్తే అందే ఎత్తులో. గేటు నుంచి ఆ గదికి ఇంకో క్యాట్-6 పైపు వేయమని మీ ఎలక్ట్రీషియన్‌కు చెప్పు. ప్లాస్టరింగ్ కాకముందే అయిపోవాలి.