రాత్రి ఒంటిగంట దాకా పార్సిల్ పాయింట్: లైసెన్సు ఇవ్వొద్దని అర్జీ పెడుతున్నాం, మీరేమంటారు?

వేపచెట్టు_ఇల్లు (శనివారం రాత్రి 11:52)
అందరికీ నమస్కారం. మాది విశాఖలో కూర్మన్నపాలెం. సందు మొదట్లో మా పక్కింటివాళ్ళు కారు షెడ్డుని మూడు నెలల క్రితం ఫ్రైడ్‌రైస్ పార్సిల్ పాయింట్‌కి అద్దెకిచ్చారు. బల్లలు, కుర్చీలు లేవు, పార్సిలే. సాయంత్రం ఆరింటికి పొయ్యి వెలిగిస్తే రాత్రి ఒంటిగంటకి షట్టరు దింపుతున్నారు. ఇప్పుడు జీవీఎంసీ (నగరపాలక సంస్థ) ట్రేడ్ లైసెన్సుకి పెట్టుకున్నారట. సందులో 12 ఇళ్ళుంటే 8 ఇళ్ళవాళ్ళు సంతకాలు పెట్టారు. సోమవారం వార్డు సచివాలయంలో అర్జీ ఇస్తున్నాం.

వాళ్ళ ఎగ్జాస్ట్ ఫ్యాను మా పడకగది కిటికీకి ఎదురుగా ఉంది, మధ్యలో ఏడడుగులు కూడా లేదు. మా ఆవిడకి ఉబ్బసం. ఎండుమిర్చి నూనెలో పడ్డప్పుడల్లా మంచం మీద లేచి కూర్చుంటుంది. కిటికీ వేసుకుందామా అంటే ఈ మే నెల ఉక్కలో ఎలా? ఇవాళ కిటికీ ఊచలు తుడిచాను. గుడ్డకి పసుపురంగు జిడ్డు, సబ్బు పెట్టినా వదల్లేదు.

సి_షిఫ్టు (12:20)
మాస్టారూ, మీకు అడ్డం ఫ్యానా, షాపా? ఫ్యాను అయితే రేకు గొట్టం పెట్టించి మేడ పైదాకా లేపమనండి. షాపే ఉండకూడదంటే అది వేరే గొడవ. స్టీలు ప్లాంటులో బి షిఫ్టు రాత్రి పదింటికి దిగుతుంది. కార్డు కొట్టి, బండి తీసి, ఇంటి దారి పట్టేసరికి పదకొండు. అప్పుడు మెస్సులన్నీ కడిగేసి ఉంటాయి.

వేపచెట్టు_ఇల్లు (12:31)
గొట్టం గురించి రెండుసార్లు అడిగాను. "చేయిస్తాం బాబాయ్" అన్నారు. మూడు నెలలైంది.

రూల్‌బుక్ (12:40)
2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్. పగలు 55. ఫోనులో యాప్ వేసి కొలిచి, ఆ అంకె అర్జీలో రాయండి.

సి_షిఫ్టు (12:48)
ఫోన్ యాప్ లెక్క చెల్లదు. పైగా ఆ సందుకి హైవే ఎంత దూరం? అర్ధరాత్రి లారీలకే 45 దాటిపోతుంది. షాపు కట్టేశాక కూడా కొలవండి, తెలుస్తుంది.

అగనంపూడి_కుర్రాడు (12:50)
నేనూ అక్కడే తీసుకుంటాను. నూనె మంచిది వాడతారు.

రూల్‌బుక్ (12:59)
నేను రాసింది పూర్తిగా చదవండి. పరిమితి కన్నా 10 డెసిబెల్స్ మించితే ఫిర్యాదు చేసే హక్కు ఆ నిబంధనల్లోనే ఉంది. అంటే రాత్రిపూట 55. హైప్రెషర్ బర్నర్ హోరు, దాని మీద కడాయికి గరిటె మోత. కిటికీ దగ్గర 55 దాటదంటారా?

సి_షిఫ్టు (1:04)
ఆగి ఆగి వచ్చే గరిటె మోత ఒక లెక్క, రాత్రంతా సగటు ఒక లెక్క.

రూల్‌బుక్ (1:07)
సగటు అని నేను అన్నానా?

దువ్వాడ_మలుపు (ఆదివారం ఉదయం 6:30)
మా వీధిలోనూ పార్సిలే అన్నారు. ఆరు నెలలకి రెండు బల్లలొచ్చాయి. ఏడాదికి బళ్ళ మీద కూర్చుని తాగడం. మా అమ్మాయి ఇంటర్ పరీక్షల్లో నెలరోజులు మా చెల్లెలింట్లో ఉండి చదువుకుంది. అర్జీ మీద అర్జీ ఇచ్చాను, ఒక్కరూ వచ్చి చూడలేదు. లైసెన్సు చేతికొచ్చాక ఎవరూ కదపలేరు, ఆపాలంటే ఇప్పుడే ఆపాలి. ఇంటి సిలిండరు వాడుతున్నారేమో కూడా చూడండి.

అగనంపూడి_కుర్రాడు (7:15)
షాపులకిచ్చే నీలం సిలిండరేనండి, 19 కిలోలది. రోజూ చూస్తాను.

సి_షిఫ్టు (మధ్యాహ్నం 2:25)
ఇప్పుడే లేచాను కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. సి షిఫ్టు దిగి ఏడింటికి పడుకుంటాను. ఏడున్నరకి స్కూలు ఆటో హారను, ఎనిమిదికి మిక్సీలు, తొమ్మిదింటికి "పాత ఇనుము కొంటాం" అని మైకు. పోయినేడు వేపచెట్టు ఇంటి మేడ మీద టైల్సు కోశారు. పదకొండు రోజులు. తలగడ చెవులకి కట్టుకుని పడుకుని, రాత్రి డ్యూటీలో కునుకు రాకుండా ముఖం మీద నీళ్ళు కొట్టుకునేవాణ్ణి. ఫర్నేసు దగ్గర కునుకు పడితే ఏమవుతుందో మాస్టారికి నేను చెప్పక్కర్లేదు. నేనెవరికీ అర్జీ పెట్టలేదు. రూల్‌బుక్ గారి లెక్కలో మీ నిద్రకి 45, నా నిద్రకి 55. ఆ రూలు రాసినవాళ్ళకి పగలు పడుకునే మనిషి గుర్తు రాలేదు.

వేపచెట్టు_ఇల్లు (2:50)
మీరు మా సందువారా?

సి_షిఫ్టు (2:53)
మూడో ఇంటి మేడమీద గది. నాలుగేళ్ళయింది. 12 ఇళ్ళు అన్నారు, మరి అద్దె గదులు లెక్కపెట్టారా? 17 ఉన్నాయి. మా మెట్లెవరూ ఎక్కలేదు. ఆ షాపాయన కాంట్రాక్టు పని పోయాక భార్య గాజులు తాకట్టుపెట్టి ఆ పొయ్యి కొన్నాడు. అదీ మీ కాగితంలో లేదు.

వేపచెట్టు_ఇల్లు (3:10)
అద్దెకున్నవాళ్ళు ఇవాళ ఉంటారు, రేపు ఖాళీ చేస్తారు. నేను ఈ ఇల్లు కట్టినప్పుడు గాజువాక ఇంకా మున్సిపాలిటీ, విశాఖలో కలిపింది ఆ తర్వాత 2005లో. రోడ్డు లేదు, బురదలో ఇటుకలు మోయించాను. నా ఇంట్లో నేను ఊపిరి పీల్చుకోడానికి మిమ్మల్ని అడగాలా? షిఫ్టులు నాకు చెప్పకండి. 31 ఏళ్ళు అదే ప్లాంటులో ఏ, బి, సి మూడూ తిరిగాను. ఒక్కరోజు బయటి పార్సిలు తినలేదు. ఎంత రాత్రి వచ్చినా ఇంట్లో అన్నం మూతపెట్టి ఉండేది.

పరవాడ_బస్సు (4:40)
బాబాయ్‌గారూ, ఎప్పుడూ చదవడమే గానీ ఇక్కడ రాయను. ఆ అన్నం మూతపెట్టి ఉంచింది పిన్నిగారే కదండీ. నాకు ఎవరు మూతపెట్టి ఉంచుతారు?

నేను ఫార్మా కంపెనీ ల్యాబులో చేస్తున్నాను, మీ సందులోనే చివరి ఇంట్లో గది. కంపెనీ బస్సు రాత్రి 11:10కి జంక్షన్లో దింపుతుంది. సందులో రెండు వీధిదీపాలు, ఒకటి వెలగదు. జనవరిలో ఇద్దరు బండి మీద వరసగా రెండు రాత్రులు నా వెనకే నెమ్మదిగా వచ్చారు. మూడో రోజు నుంచి తాళంచెవి వేళ్ళ మధ్య పెట్టుకుని నడిచేదాన్ని. ఈ షాపు వచ్చాక సందు మొదట్లో లైటు ఉంటోంది, నలుగురు మనుషులుంటున్నారు. షాపు అక్క చేతిలో గరిటె పట్టుకునే రోడ్డు మీదకొచ్చి, నేను గేటు వేసుకునేదాకా చూస్తుంది. ఒక్క మాట చెప్పను, అడగను, ఆవిడే చూస్తుంది. మీ అర్జీలో నా సంతకం ఉండదు, ఎందుకో మీకు తెలియాలని రాశాను.

రూల్‌బుక్ (4:58)
వీధిదీపం వేరే ఫిర్యాదు. దానికీ ట్రేడ్ లైసెన్సుకీ సంబంధం లేదు.

దువ్వాడ_మలుపు (5:05)
అవును. దీపం వేయించుకోవాలి గానీ దీపం కోసం పొగ భరించమంటే ఎలా?

పరవాడ_బస్సు (5:09)
దీపానికి ఫిబ్రవరిలోనే ఫిర్యాదు పెట్టాను. ఇంకా వెలగలేదు. దీపం నా వెనక ఎవరొస్తున్నారో చూడదు కూడా.

వేపచెట్టు_ఇల్లు (రాత్రి 8:35)
అమ్మా, జనవరి సంగతి మాకెవరూ చెప్పలేదు. మా ఆవిడకి చదివి వినిపించాను. "చివరింటి అమ్మాయా, పొద్దున్న పాలకి వస్తుంది" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

కానీ రాత్రి కూడా ఇన్‌హేలరు రెండుసార్లు వాడింది. అదీ నిజమే. అర్జీ నేను మానను. లైసెన్సు ఇవ్వొద్దన్న ముక్క తీసేసి, గొట్టం మేడ పైకి లేపేదాకా ఇవ్వొద్దని, రాత్రి పదకొండున్నరకి కట్టేయాలని రాస్తాను. వీధిదీపం కూడా రాస్తాను.

దువ్వాడ_మలుపు (8:41)
తప్పు చేస్తున్నారు మాస్టారూ. ఆరు నెలలాగి నాకు చెప్పండి.

సి_షిఫ్టు (8:50)
గొట్టం దాకా మీతోనే ఉన్నాను. పదకొండున్నరకి మాత్రం ఒప్పుకోను. బస్సు అరగంట ఆలస్యమైతే ఆ అమ్మాయి మళ్ళీ చీకట్లోనే. పన్నెండున్నర చేయండి.

వేపచెట్టు_ఇల్లు (8:58)
పన్నెండున్నర ఎక్కువ. రేపు మీరు లేచేది ఎన్నింటికి?

సి_షిఫ్టు (9:01)
రెండింటికి.

వేపచెట్టు_ఇల్లు (9:03)
రెండున్నరకి కాగితం పట్టుకుని వస్తాను. సచివాలయం ఐదింటిదాకా ఉంటుంది. మెట్లు బయటి నుంచే కదా?

సి_షిఫ్టు (9:04)
బయటి నుంచే. చివరి మెట్టు విరిగింది, చూసుకుని ఎక్కండి.