ఎంఎస్‌కి మైనోసైక్లిన్: ఎవరికి, ఎంత డోసు, ఎంతవరకు పనిచేస్తుంది?

తెల్లపొర (ప్రశ్న):
మొటిమలకి వాడే మైనోసైక్లిన్ మల్టిపుల్ స్క్లిరోసిస్‌ని (ఎంఎస్, అంటే ఒంటి రక్షణ కణాలే మెదడు, వెన్నుపాముల్లోని నరాలని దెబ్బతీసే జబ్బు) ఆపుతుందని తరచూ వినపడుతోంది. ఎంఎస్ ఇన్ఫెక్షన్ కాదు కదా, మరి యాంటీబయాటిక్ ఎలా పనిచేస్తుంది? ట్రయల్‌లో ఎంత డోసు ఇచ్చారు, ఎంత తేడా కనిపించింది? ఇప్పటికే ఇంటర్‌ఫెరాన్ అనే ఎంఎస్ మందు మీద ఉన్నవాళ్లకి దీన్ని కలిపితే లాభమా? ఇంకొకటి. యూరిన్ ఇన్ఫెక్షన్‌కి యాంటీబయాటిక్ వేసుకోగానే కాళ్లలో బలం తిరిగొచ్చిందనే ఎంఎస్ పేషెంట్లు ఉన్నారు. అది మందు ఎంఎస్ మీద పనిచేసినట్టేనా?

న్యూరో డెస్క్:
బ్యాక్టీరియాని చంపడానికీ దీనికీ సంబంధం లేదండి. రక్తంలోని టీ కణాలు (ఒక రకం రక్షణ కణాలు) మెదడులోకి దూరాలంటే రక్తనాళం చుట్టూ ఉన్న పొరని కోసుకుని వెళ్లాలి. ఆ కత్తెర పని చేసే ఎంజైముల్లో ముఖ్యమైనది ఎంఎంపీ-9. మైనోసైక్లిన్ దాన్ని అణుస్తుంది. పైగా కొవ్వులో బాగా కరిగే మందు కాబట్టి మెదడులోకి చేరి అక్కడి రక్షణ కణాలైన మైక్రోగ్లియా రెచ్చిపోవడాన్ని కూడా తగ్గిస్తుంది.

అందరూ చెప్పుకునేది 2017లో వచ్చిన కెనడా ట్రయల్. మొదటి అటాక్ మాత్రమే వచ్చిన, అంటే సీఐఎస్ దశలో ఉన్న 142 మందికి రోజుకి రెండుసార్లు 100 మి.గ్రా. మైనోసైక్లిన్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 6 నెలలకి ఎంఎస్‌గా మారే అవకాశం ఉత్తుత్తి మాత్ర గ్రూపులో 61 శాతం, మందు గ్రూపులో 33.4 శాతం. మొదట్లో ఎంఆర్ఐలో మెరిసే మచ్చలు ఎవరికెన్ని ఉన్నాయో లెక్కలోకి తీసుకుంటే ఆ 27.6 పాయింట్ల తేడా 18.5కి దిగింది. 24 నెలల దగ్గర 76.4, 55.3. చూడటానికి పెద్ద తేడాలా ఉన్నా గణాంకాల పరీక్షలో నిలబడలేదు. నా దృష్టిలో అసలు చదవాల్సిన అంకె ఇదే, కానీ ముచ్చట్లన్నీ 6 నెలల దగ్గరే ఆగిపోతాయి.

ఎంఎస్ అని నిర్ధారించడానికి ఆ ట్రయల్‌లో వాడింది 2005 మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు. 2017 ప్రమాణాల ప్రకారం వెన్ను నీటిలో ఒలిగోక్లోనల్ బ్యాండ్లు (యాంటీబాడీల జాడలు) దొరికితే అవీ లెక్కకి వస్తాయి. కాబట్టి అప్పటి సీఐఎస్‌లలో చాలామందికి ఇప్పుడు మొదటి రోజే ఎంఎస్ అని పేరు పెట్టి, రుజువైన మందు మొదలుపెడతారు.

ఇంటర్‌ఫెరాన్‌కి కలిపిన రీసైక్లైన్ ట్రయల్‌లో 305 మంది ఉన్నారు, 96 వారాలు నడిచింది. అదనపు లాభం తేలలేదు. కలపడం దండగ.

మందుల చీటీ:
డాక్టర్ రాసి వాడుతున్నవాళ్ల కోసం. మాత్రని నిండు గ్లాసు నీళ్లతో, కూర్చునో నిలబడో మింగాలి. పడుకునే ముందు రెండు గుక్కలతో మింగితే గొంతు కింద అన్నవాహికలో ఇరుక్కుని పుండు పడుతుంది. ఐరన్, కాల్షియం, యాంటాసిడ్ మాత్రలకీ దీనికీ కనీసం 2 గంటల ఎడం ఉండాలి, లేకపోతే అవి మందుని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వవు. ఎండకి చర్మం కమిలిపోతుంది. నెలల తరబడి వాడితే చర్మం, పళ్లు, చిగుళ్లు నీలి-బూడిద రంగుకి తిరగొచ్చు. గర్భిణులకీ 8 ఏళ్ల లోపు పిల్లలకీ ఇవ్వరు.

ఎంఎస్‌లో అసలు చిక్కు వేరే. దీని సైడ్ ఎఫెక్టులు ఎంఎస్ లక్షణాల్లాగే ఉంటాయి. తల తిరుగుడు మొదలైతే చిన్నమెదడులో కొత్త మచ్చ అనుకుంటారు. అరుదుగా పుర్రె లోపల ఒత్తిడి పెరిగి తలనొప్పి, చూపు మసక వస్తాయి. దాన్ని ఆప్టిక్ న్యూరైటిస్‌గా (ఎంఎస్‌లో కంటి నరానికి వచ్చే అటాక్) పొరబడితే కన్ను పోయే ప్రమాదం. కంటి వెనక నరం వాచిందా అని రెండు కళ్లలోనూ చూడాలి, మైనోసైక్లిన్ వాడుతున్న సంగతి కంటి డాక్టర్‌కి మొదటే చెప్పాలి. మొటిమల ఐసోట్రెటినాయిన్‌తో అస్సలు కలపకూడదు. కీళ్ల నొప్పులు, జ్వరం, కామెర్లు వస్తే లూపస్ (ఒంటి రక్షణ కణాలే ఒంటి మీద తిరగబడే జబ్బు) లాంటి ప్రతిచర్యో, కాలేయపు వాపో అని అనుమానించాలి. ఇంటర్‌ఫెరాన్ కూడా కాలేయం మీదే భారం వేస్తుంది.

తెల్లపొర:
బాగా అర్థమైంది. ఎంఎస్‌కి వాడే ఫింగోలిమోడ్, మైటోజాంట్రోన్ కూడా యాంటీబయాటిక్ బంధువులేనంటారు, నిజమేనా?

న్యూరో డెస్క్:
ఫింగోలిమోడ్ విషయంలో నిజమే. ఒక బూజు నుంచి తీసిన మైరియోసిన్ అనే యాంటీబయాటిక్ నిర్మాణాన్ని మార్చి తయారుచేశారు. అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. లింఫోసైట్లని (టీ కణాల్లాంటి తెల్ల రక్తకణాలు) లింఫు గ్రంథుల్లోనే ఆపేస్తుంది, సూక్ష్మజీవుల జోలికి పోదు. మొదటి డోసు వేశాక గుండె వేగం పడిపోవచ్చు కాబట్టి 6 గంటలు కనిపెట్టి ఉంటారు. మైటోజాంట్రోన్ ల్యాబ్‌లో చేసిన క్యాన్సర్ మందు, డాక్సోరూబిసిన్ లాంటి ట్యూమర్ యాంటీబయాటిక్‌ల పోలిక. చదరపు మీటరుకి 12 మి.గ్రా. చొప్పున 3 నెలలకోసారి, జీవితకాలంలో 140 దాటకూడదు. ప్రతి డోసుకీ ముందు ఎకో తప్పనిసరి. గుండె దెబ్బతినడం, ల్యూకీమియా ముప్పుల వల్ల ఇప్పుడు అరుదుగానే ముట్టుకుంటారు.

కల్చర్ ప్లేట్:
కాళ్ల బలం సంగతి నేను చెబుతాను. మైలిన్ అనే పైపొర ఊడిన నరంలో, ఒంటి వేడి కాస్త పెరిగినా సంకేతం ఆగిపోతుంది. యూరిన్ ఇన్ఫెక్షన్‌తో జ్వరం వస్తే పాత మచ్చల లక్షణాలే మళ్లీ బయటపడతాయి. దీన్ని సూడో రిలాప్స్, అంటే ఉత్తుత్తి అటాక్ అంటారు. యాంటీబయాటిక్ తగ్గించింది ఇన్ఫెక్షన్‌ని, అది తగ్గాక కాళ్లు పాత స్థితికి వచ్చాయి.

అందుకే కొత్త బలహీనత అనగానే స్టెరాయిడ్ ఎక్కించరు. ముందు జ్వరం చూడాలి, మూత్రం కల్చర్‌కి పంపాలి. జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా లక్షణాలు 24 గంటలు పైబడి ఉంటేనే అసలు రిలాప్స్. లోపల ఇన్ఫెక్షన్ పెట్టుకుని రోజుకి 1000 మి.గ్రా. మిథైల్ ప్రెడ్నిసోలోన్ ఎక్కిస్తే అది ముదురుతుంది.

యాంటీబయాటిక్ ఎంచుకునేటప్పుడు ఒక జోడీ ఎప్పుడూ గుర్తుండాలి: కండరాల బిగుతుకి టిజానిడిన్ వాడేవాళ్లకి సిప్రోఫ్లాక్సాసిన్ ఇవ్వకూడదు. టిజానిడిన్‌ని విరిచే కాలేయపు ఎంజైమ్‌ని సిప్రో అడ్డుకుంటుంది, ఒంట్లో దాని మోతాదు 10 రెట్లు అవుతుంది. బీపీ పడిపోయి మనిషి మత్తులో జారిపోతాడు. అలాగని టిజానిడిన్‌ని ఒక్కసారిగా ఆపితే బీపీ ఎదురు పెరుగుతుంది. కల్చర్ రిపోర్టులో పనిచేసే వేరే యాంటీబయాటిక్ ఉంటే దాన్నే రాయించుకోండి.