అంబాసిడర్‌లో బిగుసుకుపోయిన మానిఫోల్డ్: మంట పెట్టాలా, హెడ్డుతో సహా దించాలా?

బెజవాడ మార్క్ ఫోర్: నాన్నగారి 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి, పెట్రోల్ పంపే గొట్టాల భాగం) గ్యాస్కెట్, అంటే సందు మూసే పొర, పోయి ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ నడిచేటప్పుడు) ఇంజిన్ ఊగిపోతోంది. నట్లన్నీ వచ్చాయి, రెండు మాత్రం తుప్పు పట్టి కదలట్లేదు. మా మేస్త్రీ గ్యాస్ మంట పెడదామంటున్నాడు. ఇంకో ఆయనేమో మానిఫోల్డ్‌తో సహా హెడ్డు (సిలిండర్ల మీద మూతలా ఉండే భాగం) దించేయమంటున్నాడు. ఏది చేయమంటారు?

షెడ్డు సూరి: హెడ్డు దించేయండి. స్టడ్ (హెడ్డులోకి దిగి, నట్టు ఎక్కే మరల కడ్డీ) విరిగితే ఎలాగూ దించక తప్పదు. బండిలోనే వంగి డ్రిల్ చేస్తే బిట్టు పక్కకి జారి హెడ్డులోని మరలు పోతాయి. బల్ల మీదైతే సూటిగా దిగుతుంది.

పాతబండి రాజు: సూరన్నా, ఇది నేను ఒప్పుకోను. రెండు నట్ల కోసం బాగున్న హెడ్డుని కదిలిస్తామా? నీళ్లు దించాలి, వాల్వులను కదిలించే రాకర్లు, పుష్‌రాడ్లు తీయాలి, కొత్త హెడ్ గ్యాస్కెట్ వేయాలి, ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) మళ్లీ సెట్ చేయాలి. అసలు ఇన్నేళ్ల బండిలో ఆ హెడ్డు మాత్రం తేలిగ్గా లేస్తుందని నమ్మకమేంటి?

ఈ ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే గొట్టాలు) రెండూ ఒకే వైపు. ఎగ్జాస్ట్ వేడికి ఆ నట్లు రోజూ కాలుతూనే ఉంటాయి. ముందు తుప్పు వదిలించే నూనె పోసి రెండు రాత్రులు నాననివ్వండి. సైజు కూడా చూసుకోండి. అర అంగుళం నట్టంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 స్పానర్ వేస్తే మూలలు అరిగిపోతాయి, ఆ తర్వాత ఏ పానా పట్టదు. ఆరు మూలల సాకెట్ వేసి, ముందు కొంచెం బిగించి, తర్వాత వదులు చేయండి. కీచుమంటే ఆగి, మళ్లీ నూనె వేయండి.

సికింద్రాబాద్ కల్పన: రాజుగారి మాటే నాదీ. కానీ నూనెకి లొంగకపోతే మంట తప్పదు. ముందు ఇన్‌టేక్‌కి అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే అల్యూమినియం. అది 660 డిగ్రీలకి కరిగిపోతుంది, ఇనుములా ఎర్రబడి ముందే హెచ్చరించదు. అందుకే సన్నని మంట నట్టు మీదే పడాలి. పెట్రోల్ పైపు మూసేసి, పోసిన నూనెంతా తుడిచేశాకే అగ్గి వెలిగించాలి. మంట తీసేసి వేడి మీదే కొవ్వొత్తి ఆనిస్తే మైనం మరల్లోకి దిగుతుంది.

బెజవాడ మార్క్ ఫోర్: అయస్కాంతం అంటుకోలేదు. అంటే అల్యూమినియమే, మేస్త్రీ చేతికి పెద్ద గ్యాస్ టార్చ్ ఇవ్వను. నట్లు వచ్చాక కూడా మానిఫోల్డ్ కదలకపోతే?

సికింద్రాబాద్ కల్పన: కింద నట్టేదైనా మిగిలిందేమో అద్దం పెట్టి చూడండి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మధ్యలో కలిపి బిగించి ఉంటే రెండూ కలిసే రావాలి. చెక్క సుత్తితో ఎగ్జాస్ట్ వైపు తట్టండి. సందులో స్క్రూడ్రైవర్ మాత్రం దూర్చొద్దు. అల్యూమినియం మీద గాటు పడితే కొత్త గ్యాస్కెట్ వేసినా గాలి లాగుతుంది, ఇంజిన్ మళ్లీ ఊగుతుంది.

షెడ్డు సూరి: మంట విషయంలో కల్పన గారు చెప్పింది కరెక్టే. అయినా నట్టు తిరగకుండా స్టడ్ మెలి తిరుగుతున్నట్టు చేతికి తెలిస్తే అక్కడే ఆపేయండి. అప్పుడు హెడ్డు దించడమే దారి. నట్టుతో పాటు స్టడ్ మొత్తం ఊడి వస్తే మాత్రం భయపడొద్దు, అది మంచిదే. కొత్త స్టడ్ వేసి ఇత్తడి నట్లు బిగించండి, వాటికి తుప్పు పట్టదు.